మా నాయన ఎత్తలేని స్టవ్

గ్యాస్ స్టవ్ కొనడానికి వెళ్లినవాళ్లు మంట నీలంగా వస్తుందా, బర్నర్లు ఇత్తడివేనా, పైరేకు తుప్పు పడుతుందా అని అడుగుతారు. మేమూ అడిగాం, అడగకపోతే బాగుండదని. అసలు చూసింది మాత్రం వేరు. కోపంలో ఉన్న మగవాడు దాన్ని రెండు చేతులా ఎత్తి ఆడదాని మీద వేయగలడా, లేడా? విరుదునగర్ బజారులో ఆ కొట్టాయనకు అలాంటి బేరం అంతకుముందు తగిలి ఉండదు.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, మందుగదిలో పనిచేసేవాడు. పుల్లల తలలకు పూసే మందు కలిపే గది అది. గంధకం, జిగురు, ఇంకా నాకు పేర్లు తెలియని పొడులు. ఇరవై ఏళ్లు ఆ గదిలో ఉండేసరికి ఆయన ముక్కు చచ్చిపోయింది. మల్లెపూల బుట్ట పక్కన కూర్చోబెట్టినా, మురిక్కాలువ పక్కన కూర్చోబెట్టినా ఆయనకు ఒకటే. ఆయన ఒంటి వాసన మాత్రం మాకు బాగా తెలుసు. ఎంత రుద్దుకున్నా పోని గంధకం వాసన, కుళ్లిన గుడ్డు వాసన. గాలి మా వైపుంటే ఆయన కంటే ముందు అది ఇంట్లోకి వచ్చేది.

అది రాగానే అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి, పెరటి తలుపు తీసుకుని బయటికి పోయేది. బట్టలుతికే రాయి పక్కన నిలబడి లోపలి చప్పుళ్లు వినేది. ఆయన నీళ్లు తాగి చెంబు నెమ్మదిగా కింద పెడితే లోపలికి వచ్చేది. విసిరితే పక్కింటి అవ్వ దొడ్లోకి దూరేది. నన్ను చంకనేసుకుని దూరిన రోజులు నాకు గుర్తున్నాయి. కొంచెం పెద్దదాన్నయ్యాక ఆ వాసనకు నేనే ముందు లేచేదాన్ని.

ఇదంతా దిగులుతో చెప్తున్నాననుకోకండి. దిగులు అమ్మది. నాది కోపం. ఇప్పటికీ రాసుకుంటూ కూర్చుంటే పళ్లు నూరుకుంటున్నానని దవడ నొప్పి పుట్టాక గాని తెలియదు.

చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. గరిటె, చీపురుకట్ట, పచ్చడిబండ, ఒకసారి గోడ గడియారం. ఎందుకు కొట్టాడని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కూర ఆరిపోయిందని, కూర మరీ వేడిగా ఉందని, నవ్వావని, నవ్వలేదని. తాగినరోజు కొట్టేవాడు, తాగడానికి దొరకనిరోజు ఇంకా గట్టిగా కొట్టేవాడు. తాయిల్‌పట్టిలో ఉన్న మేనమామ దగ్గరికి, తను పుట్టిన ఆ టపాకాయల ఊరికి, అమ్మ రెండుసార్లు పారిపోయింది. రెండుసార్లూ ఆయనే వెంటబెట్టుకుని బస్సులో దిగబెట్టాడు. మా ఇంట్లో అన్నం తిని, బావ కోపిష్టి అంతే, మనసు మంచిది, నువ్వే సర్దుకుపోవాలి అని చెప్పి చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ వెళ్లేటప్పుడు నా చేతిలో ఒక మిఠాయి పొట్లం పెట్టాడు. దాన్ని కాలవలో పారేశాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన పంపు స్టవ్ తీసుకుని కొట్టాడు. ఇత్తడి బుడ్డి, మూడు కాళ్లు, గాలి కొట్టే పంపు, అందరిళ్లలో ఉండేదే. దాని మీద అన్నం ఉడుకుతోంది. గిన్నె తన్నేసి, మండుతున్న స్టవ్‌ను కాలు పట్టుకుని ఎత్తి విసిరాడు. అది అమ్మ తొడ మీద పడింది. బుడ్డి మూత ఊడి కిరసనాయిలు కారింది, చీర అంటుకుంది. అవ్వ వచ్చి గోనెసంచి కప్పింది. ఆసుపత్రిలో నర్సమ్మ ఏమైందని అడిగితే అమ్మ, స్టవ్ పేలింది అని చెప్పింది. ఆమె తల ఎత్తకుండా రాసుకుంది. ఆ వార్డులో ఇంకా నలుగురు ఆడవాళ్లున్నారు, వాళ్లకీ స్టవ్వే పేలింది. మా వైపు స్టవ్‌లకు ఆడా మగా తేడా బాగా తెలుసు. మగవాడి మీద పేలిన స్టవ్ ఆ వార్డులో ఒక్కటీ లేదు.

ఆ తర్వాత ఆరేళ్లకు అసలు పని చేశాడు. అప్పటికి నేను విరుదునగర్‌లో ఒక పప్పుల మండీలో బిల్లులు రాసే ఉద్యోగంలో చేరాను, రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఆ రోజు సెలవు, ఇంట్లోనే ఉన్నాను. దేనికో మాటామాటా పెరిగి, మూలనున్న కిరసనాయిలు డబ్బా ఎత్తి అమ్మ నెత్తిన గుమ్మరించాడు. మేం సీమనూనె అంటాం దాన్ని. జుట్టు, కళ్లు, జాకెట్టు అంతా తడిసిపోయింది. నేను అడ్డం వెళితే నా చెవి మీద కొట్టాడు, గోడకు గుద్దుకుని పడ్డాను. పడి, ఆయన్ని చూస్తున్నాను. ఆయన అగ్గిపుల్ల కోసం వెతుకుతున్నాడు.

ఆయన దగ్గర అగ్గిపెట్టె ఉండదు. మందుగదికి పోయేవాళ్లను గేటు దగ్గర తడిమి చూస్తారు, జేబులో ఒక్క పుల్ల ఉన్నా పని పోతుంది. అందుకని బీడీ అయినా బడ్డీకొట్టు గుంజకు వేలాడే నిప్పు తాడుకు అంటించుకునేవాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక అగ్గిపెట్టెను అమ్మ రొంటిన దోపుకుని తిరిగేది. ఎన్నేళ్లుగా అలా చేస్తోందో నేను గమనించలేదు, అది అలవాటేమో అనుకున్నాను. ఆయన గూట్లో చూశాడు, దేవుడి పటం వెనక చూశాడు, బియ్యం డబ్బా బోర్లించాడు. సగం ఊరు అగ్గిపెట్టెలు చేసి బతుకుతుంటే, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీవాడు తన పెళ్లాన్ని కాల్చడానికి పుల్ల దొరక్క వంటింట్లో గిన్నెలు ఎత్తి చూస్తున్నాడు. అమ్మ తడిసిన రొంటి మీద చేయి వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. చప్పుడు విని అవ్వ మరో ఇద్దరిని పిలుచుకుని వచ్చింది. వాళ్లను చూసి, ఏమీ జరగనట్టు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఆ రోజు అమ్మ తలకు నేను మూడుసార్లు సీకాయ రుద్దాను. అప్పుడే అనుకున్నాను, ఈ ఇంట్లో ఇక కిరసనాయిలు ఉండకూడదు. ఆయన్ని మార్చడం నా వల్ల కాదు. పోలీసుల దగ్గరికి అమ్మ రాదు. విడిగా ఉందాం రమ్మంటే, ముందు నీ పెళ్లి కానీ అంటుంది. నా చేతిలో ఉన్నదల్లా పొయ్యి మార్చడం. గ్యాస్‌ను ఎవరి నెత్తినా గుమ్మరించలేరు కదా.

గ్యాస్‌కు అంతకుముందే పేరు రాయించి ఉంది, మా వంతు ఆ సంవత్సరం వచ్చింది. నాయన అడ్డం చెప్పలేదు. వాళ్ల అక్క ఇంట్లో గ్యాస్ పెట్టారు, మా ఇంట్లో లేదని ఆయనకు నామోషీగా ఉంది. స్టవ్ మీరే చూసి తెచ్చుకోండి అన్నాడు. అమ్మను తీసుకుని విరుదునగర్ బస్సెక్కాను.

కొట్టాయన మంచి మనిషి. తెల్లగా మెరిసే రెండు బర్నర్ల స్టవ్ తీసి బల్ల మీద పెట్టి, దాని గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ అందులో ముఖం చూసుకుంది. అమ్మకు అది నచ్చిందని నాకు తెలిసింది. నేను దాన్ని రెండు పక్కలా పట్టుకుని పైకెత్తాను. చేట ఎత్తినట్టు లేచి వచ్చింది. తల మీది దాకా ఎత్తి, ఒక క్షణం అలాగే ఉంచాను. కొట్టాయన కంగారుగా చేతులు చాపాడు. అమ్మ ముఖం అప్పుడు మారింది. దానికి అర్థమైంది.

"ఇది ఎత్తుతాడు" అంది తెలుగులో.

రెండోది తీయించాను. కొంచెం దళసరి రేకు. ఈసారి అమ్మే ముందుకొచ్చి పట్టుకుంది. నా కంటే దానికే బాగా తెలుసు, ఆయన బలం ఎంతో, ఏ చేయి ముందు లేస్తుందో, తాగి ఉంటే ఎంత తగ్గుతుందో. ఇరవై మూడేళ్ల లెక్క ఒంటి మీద ఉంది. ఇదీ ఎత్తుతాడు అంది. మూడోదాని మీద గిన్నె ఆనే ఇనుప చట్రాలను వేలితో కదిపింది. అవి ఊడి చేతికొచ్చాయి. ఒక దాన్ని పట్టుకుని చూసింది, నాలుగు కొమ్ములున్న ఇనుము. తన కణత దగ్గర పెట్టి చూసుకుని మళ్లీ కింద పెట్టేసింది. ఏమంటోందని కొట్టాయన నన్ను అడిగాడు. బస్సు నుంచి ఇంటిదాకా మా నాయన మోయాలి కదా, దాని సంగతి అన్నాను. అయితే తేలికైనదే తీసుకోండి అన్నాడు పాపం.

బరువైనది కావాలన్నాను. ఉన్నవాటన్నిటిలో బరువైనది. చట్రాలు ఊడిరానిది.

ఆయన నా వైపు ఒకసారి చూసి, కొట్టు వెనక్కి తీసుకెళ్లాడు. అట్టపెట్టెల కింద దుమ్ము పట్టి ఒకటి ఉంది. పాత మోడల్, మూడు బర్నర్లు, నల్ల ఎనామిల్, పోత ఇనుప కాళ్లు. చట్రాలు నట్లతో బిగించి ఉన్నాయి, కడగడానికి కుదరదని ఎవరూ కొనలేదట. నేను వంగి పట్టుకుంటే ఒక పక్క మాత్రం నేల నుంచి జానెడు లేచింది, నడుం పట్టేసింది. అమ్మ పట్టుకుంది, కదల్లేదు. దాని పక్కన గొంతుక్కూచుని, చుట్టూ తడిమి, చాలాసేపు చూసింది.

"ఇది ఎత్తలేడు పాపా" అంది.

బర్నర్లు ఇత్తడివా ఇనపవా అని మేం అడగలేదు. కొట్టాయనే చెప్పాడు, ఇత్తడివేనని.

గ్యాస్ బిగించడానికి వచ్చినతను రెగ్యులేటరు, రబ్బరు ట్యూబు అన్నీ చూపించి, జాగ్రత్తలు చెప్పాడు. గ్యాస్ కారితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, రాగానే దీపం వేయకండి, స్విచ్చు ముట్టుకోకండి, తలుపులు తీసి బయటికి పోండి అన్నాడు. మేం ముగ్గురం, అంటే నేను, అమ్మ, అవ్వ, ఒకరి ముఖాలొకరం చూసుకుని నవ్వాం. మా వీధిలో దండేల మీద ఆరేసిన చొక్కాలన్నిటికీ ఆ వాసనే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

రెండేళ్లు బాగానే గడిచాయి. బాగానే అంటే కొట్టడం మానాడని కాదు. కొట్టాడు. కానీ కాల్చడానికి ఏమీ లేదు, చేతితోనూ కాలితోనూ కొట్టాడు. మొదటిసారి ఆ స్టవ్ మీదికి పోయినప్పుడు నేను చూశాను. రెండు చేతులతో పట్టుకుని లాగాడు. అది లేవలేదు. మళ్లీ లాగాడు. గుండు మాదిరి ఏంది మోసుకొచ్చినారు అని తిట్టి, దాన్ని కాలితో తన్నాడు. బొటనవేలు చితికింది. కుంటుకుంటూ వారం రోజులు తిరిగాడు. అమ్మ, నేను పెరట్లో కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. అమ్మ నవ్వుతుండగా నేను చూసింది అలాంటి రోజులే.

దీపావళికి ముందు ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవు, మా మండీకి మాత్రం పండగ బేరం, నేను విరుదునగర్‌లో ఉన్నాను. తర్వాత అమ్మ చెప్పగా తెలిసిందే ఇది. మధ్యాహ్నం తాగి వచ్చాడు. మాంసం పులుసు ఇంకా ఉడకలేదు. గిన్నె తన్నేశాడు, పులుసు స్టవ్ మీద ఒలికి మంట ఆరిపోయింది. అమ్మ బర్నరు కట్టేసింది, సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయడానికి వంగేలోపు డొక్కలో తన్నాడు. పడిపోయింది. పడినదాన్ని ఇంకా నాలుగు తన్నాడు. తర్వాత స్టవ్ పట్టుకున్నాడు. లేవలేదు. ఆ కోపం కూడా కలిసి వెనక నుంచి రబ్బరు ట్యూబు పట్టుకుని గుంజాడు, ట్యూబుతో స్టవ్‌ను లాగేద్దామన్నట్టు. స్టవ్ కదల్లేదు. ట్యూబు సాగింది, బిగింపు జారింది, పూర్తిగా ఊడలేదు. ఊడి ఉంటే బుస్సుమని వినిపించేది. అలా సగం జారి ఆగింది. ఆయన బయటికి పోయాడు.

తేలికైన స్టవ్ కొని ఉంటే ఆ మధ్యాహ్నం అది అమ్మ తల మీద పడేది. బరువైనది కొన్నాను కాబట్టి ట్యూబు మీదికి పోయాడు. ఈ రెండిట్లో ఏది మేలో అని ఎన్నో ఏళ్లు నాలో నేనే వాదించుకున్నాను.

అమ్మ పులుసు తుడిచింది. ఇరుగుపొరుగు చూపులు పడకుండా కిటికీలు వేసుకుని, ముందు గదిలో చాప మీద పడుకుంది. డొక్క నొప్పికి ఎప్పుడో కన్ను పట్టింది. పొద్దు వాలుతుండగా ఆ వాసన దాని ముక్కుకు తగిలింది. కుళ్లిన గుడ్డు వాసన. గ్యాస్ అని దానికి తోచనేలేదు. ఎలా తోస్తుంది? పెళ్లయినప్పటి నుంచి ఆ వాసనకు ఒకటే అర్థం, మొగుడొచ్చాడు. కళ్లు సరిగ్గా తెరవకుండానే లేచింది. దీపం వేయలేదు. చప్పుడు కాకుండా పెరటి తలుపు తీసి, బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా మూసింది. బట్టలుతికే రాయి దగ్గర నిలబడి చెంబు చప్పుడు కోసం వింటోంది.

నేను అప్పుడే బస్సు దిగి వీధిలోకి తిరిగాను. ముందు ఆయన నడుస్తున్నాడు, నలభై అడుగుల దూరంలో. నేను నడక తగ్గించాను. ఆయనతో పాటు గడప దాటకూడదన్నది నా అలవాటు. వీధి కుళాయి దగ్గర ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను. ఆయన తలుపు తోసి, ఇల్లంతా చీకటిగా ఉండటం చూసి, దీపం పెట్టలేదేమే అని ఒక బూతు మాటతో అరవడం వినిపించింది. స్విచ్చు వేశాడు.

చప్పుడు పెద్దగా ఏమీ లేదు. దుప్పటి దులిపినట్టు ఒక్క దెబ్బ, అంతే. పైకప్పు పెంకులు లేచి వీధిలో పడ్డాయి. పండగ రోజులు, ఎవరో టపాకాయ కాల్చారనుకుని ఒక్కరూ బయటికి రాలేదు. ఆయన వచ్చాడు. చొక్కా మండుతోంది, జుట్టు మండుతోంది. రెండు చేతులూ ముందుకు చాపుకుని వచ్చాడు, వాటి మీది తోలు తడిసిన కాగితంలా వేలాడుతోంది. నోరు తెరిచి ఉంది, అరుపు రావడం లేదు. నన్ను చూశాడు.

నా పక్కన కుళాయి కింద నిండు బిందె ఉంది. ఎవరిదో తెలియదు గాని, ఎంత బరువుంటుందో నాకు తెలుసు, అలాంటిది రోజూ నడుం మీద మోసేదాన్నే. నేను ఎత్తలేదు. భయపడి కాదు, చేతులు ఆడక కాదు. ఎత్తదలుచుకోలేదు. కడుపులో ఇరవై ఏళ్లుగా మండుతున్నది ఏదో చల్లబడుతున్నట్టు అనిపించింది. ఇది చెప్పడానికి నేను సిగ్గుపడటం లేదు. సిగ్గుపడాలని మాత్రం తెలుసు.

అమ్మ ఇంటి పక్కసందులోంచి పరుగెత్తుకొచ్చింది. దాని చేతిలో గోనెసంచి ఉంది. టపాకాయల ఊళ్లో పుట్టిన మనిషి, మంట చూస్తే చేతులు వాటంతటవే గోనె వెతుకుతాయి. ఆయన్ని కింద తోసి, గోనె కప్పి, మీద పడి పొర్లించింది. తర్వాత లేచి, నా కాళ్ల దగ్గరున్న బిందె ఎత్తి గుమ్మరించింది. ఖాళీ బిందె కింద పెడుతూ ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. 

ఆసుపత్రిలో పోలీసు వచ్చి అమ్మను అడిగాడు. దీపం వేసుకోకుండా బయటికి ఎందుకు పోయావు, తలుపు ఎందుకు మూశావు, గ్యాస్ వాసన వస్తే కేకలేయకుండా మొగుడు లోపలికి పోయేదాకా ఎందుకు చూశావు? అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. వాసన వచ్చింది, ఆయన వచ్చాడనుకున్నాను, భయపడి బయటికి పోయాను. అతను నమ్మలేదు. మా అత్త, అంటే నాయన అక్క, వరండాలో కూర్చుని తల్లీకూతుళ్లు కలిసి చేశారని, ఆ ఇనుప దయ్యాన్ని అందుకే మోసుకొచ్చారని అందరికీ చెబుతోంది. అప్పుడు స్టవ్ పేలిందని అబద్ధం చెబితే నర్సమ్మ తల ఎత్తకుండా రాసుకుంది. ఇప్పుడు నిజం చెబుతుంటే మూడుసార్లు అడుగుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయి, అమ్మ చీర పక్కకు తీసి, డొక్క మీది కమిలిన మచ్చలు ఆ పోలీసుకు చూపించాను. అతను ముఖం తిప్పుకున్నాడు. చివరికి స్పృహలో ఉన్న నాయనే, ట్యూబు నేనే గుంజాను అన్నాడు. జీవితంలో అమ్మకు ఆయన చేసిన మేలు అదొక్కటే.

బతికాడు. ఆరేళ్లు బతికాడు. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని రెండు చేతులూ ముడుచుకుపోయాయి. లోటా ఎత్తలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. అమ్మే అన్నం కలిపి నోట్లో పెట్టేది. నోరు మాత్రం పాతదే. ఒకసారి ముద్ద నచ్చలేదని కాలితో కంచం తన్నాడు. అమ్మ మెతుకులు ఏరి, మళ్లీ కలుపుకొచ్చింది. ఒక పూట మాడనివ్వు అని అరిచాను. నువ్వు ఎందుకు చేయాలి ఇదంతా అన్నాను.

"ఇప్పుడు కొట్టలేడు గదా పాపా" అంది. "నాకు ఇంకేం కావాల."

ఆ స్టవ్‌కు ఏమీ కాలేదు. ట్యూబు మార్చి, మసి తుడిచి, దాని మీదే ఆరేళ్లూ వండింది. ఫ్యాక్టరీకి పోవడం ఆగాక నెమ్మదిగా ఆయన ఒంటినుంచి ఆ వాసన పోయింది. ఇంట్లో ఆ వాసన వచ్చేది సిలిండరు మార్చే రోజు మాత్రమే, మూత తీసినప్పుడు ఒక్క క్షణం. ఆ క్షణానికి అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆయన తన కళ్ల ముందే, ముడుచుకున్న చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నా సరే.

నా పెళ్లయ్యాక విరుదునగర్‌లోనే కాపురం పెట్టాం. స్టవ్ కొనడానికి పాత కొట్టుకే వెళ్లాం. కొట్టాయన కొడుకు గాజు పలకవి, తనంతట తానే అంటుకునేవి ఎన్నో చూపించాడు. నేను ఒక్కొక్కటీ పట్టుకుని పైకెత్తి చూస్తున్నాను. మూడోది ఎత్తాక గాని నా భర్త నన్నే చూస్తున్నాడని గమనించలేదు. ఏం చూస్తున్నావు అని అడిగాడు. బరువు అన్నాను. ఎందుకని అడగలేదు, పెళ్లికి ముందే ఆయనకు అంతా చెప్పాను. ఆయన కొట్టు బయటికి వెళ్లి నిలబడ్డాడు. అన్నిటికంటే తేలికైనదే కొన్నాను. 

నాయన పోయాక అమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాం. పాత స్టవ్‌ను ఇనుప సామాను కొనేవాడు ఇద్దరు మనుషులను తెచ్చి మోయించుకుపోయాడు. నాయన పోయి నాలుగేళ్లయ్యాక ఒక ఉదయం, అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తోంది. సిలిండరు అయిపోయింది. నా భర్త కొత్తది తెచ్చి, మూత తీశాడు. చిన్న చప్పుడు, కొంచెం వాసన. అమ్మ ఒడిలో ఆకంతా నేల మీద పడిపోయింది. లేచి, పెరటి తలుపు తీసుకుని బయటికి పోయింది. నా భర్త మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, తానేదో తప్పు చేసినట్టు.

నేను వెనకాలే వెళ్లాను. నీళ్ల తొట్టి పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది, రొంటి మీద చేయి వేసుకుని.

"అమ్మా, నాయన పోయి నాలుగేండ్లయింది" అన్నాను.

"తెలుసు" అంది. "ఈ కాళ్లకి తెలీదే."

చేయి పట్టుకున్నాను. రమ్మంటే రాలేదు, ఉండు అన్నట్టు నా మణికట్టు మీద నొక్కింది. వింటోంది. నేనూ పక్కనే నిలబడి విన్నాను. లోపల నా భర్త ఖాళీ సిలిండరును ఎత్తి, గోడ వారన నెమ్మదిగా నేల మీద పెట్టాడు. ఆ చప్పుడు విన్నాక అమ్మ లోపలికి వచ్చి, పడిన మునగాకు ఏరుకోవడం మొదలుపెట్టింది.